రెండు సెకన్లు ఆలస్యంగా వచ్చే నవ్వు

మినసోటా ఇళ్ళ బేస్‌మెంట్లకి ఒక వాసన ఉంటుంది. చెమ్మ పట్టిన కార్పెట్టు, మెత్తబడిన అట్టపెట్టెలు, మూలన రోజంతా గుర్రుమంటూ నీళ్ళు పట్టే డీహ్యుమిడిఫయర్. మొన్న జూన్‌లో బావ వాళ్ళ పెద్దమ్మాయి గ్రాడ్యుయేషన్ పార్టీకి వెళ్ళినప్పుడు, పేపర్ ప్లేట్ల కట్ట తెమ్మని చెల్లెమ్మ నన్ను కిందికి పంపింది. సగం మెట్లు దిగానో లేదో ఆ వాసన తగిలింది. ఇక ప్లేట్ల సంగతి ఎవరిక్కావాలి!

బావ అంటే నిజం బావ కాదు. ఆయనది గుంటూరు. అమెరికాలో దిగిన రోజు, ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకెళ్ళడానికి వచ్చినవాడు నా పెట్టె అందుకుంటూ "ఏం బావా, ప్రయాణం బాగా జరిగిందా" అన్నాడు. ఆ పిలుపు అట్లాగే ఉండిపోయింది. ఆ లెక్కన తర్వాత కాపురానికొచ్చిన వాళ్ళావిడ నాకు చెల్లెమ్మ అయింది.

షెల్ఫు కింద, డైపర్లు వచ్చిన పాత పెట్టెలో వీడియో క్యాసెట్లు కనిపించాయి. ఒక్కోదాని వీపు మీద బావ చేతిరాత, తెలుగులో. "దయ్యం - బావుంది". "గుహ మనుషులు - సౌండ్ లేదు". "సముద్రం రాక్షసి, తర్వాత ఇంకోటి". సినిమా పేర్లు ఆయనకెప్పుడూ గుర్తుండేవి కావు. పేర్లు గుర్తుంచుకోదగ్గ సినిమాలు కూడా కావు లెండి.

* * *

మేం వచ్చింది 1998లో, వై2కె పుణ్యమా అని. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పు చదివి కూలిపోతాయన్న భయం అది. కోబోల్ అనే పాత కంప్యూటర్ భాష వచ్చినవాళ్ళకి ఆ రెండేళ్ళు మహర్దశ. మినియాపోలిస్ శివారులో ఈడెన్ ప్రైరీ అనే ఊళ్ళో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్ళం. టీవీ ఎవరిదో గరాజ్ సేల్‌లో కొన్నది. శనివారం వస్తే బట్టలుతుక్కోవడం, వారానికి సరిపడా సాంబారు కాచుకోవడం, టీవీ ముందు పడటం.

ఒక శనివారం ఛానళ్ళు మారుస్తుంటే పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా ఒకటి వస్తోంది. తెర అడుగున నల్లగా కుర్చీల వరస, అందులో ముగ్గురి తలల నీడలు. బావ లేచి వెళ్ళి లుంగీ కొసతో టీవీ అద్దం తుడిచాడు. నీడలు పోలేదు. పైగా మాట్లాడటం మొదలుపెట్టాయి.

"కేబుల్ వాడు హాల్లో కెమెరా పెట్టి తీశాడేమో బావా, పైరేటెడ్ ప్రింటు" అన్నాడు. ఆయన అన్నది మరీ తప్పేం కాదు. మనకి తెలిసిన పైరేటెడ్ క్యాసెట్లన్నీ అట్లాగే ఉండేవి. ఎవరో ఒకరి తల అడ్డం రావాల్సిందే.

అది మిస్టరీ సైన్స్ థియేటర్ 3000 అనే షో. ఒక మనిషిని అంతరిక్ష నౌకలో బంధించి, దిక్కుమాలిన సినిమాలన్నీ చూపిస్తుంటారు. తోడుగా రెండు రోబో బొమ్మలు. పిచ్చెక్కకుండా ఉండటానికి ముగ్గురూ సినిమా పొడుగునా వెక్కిరిస్తుంటారు. సర్వో అనే బొమ్మ తల బబుల్‌గమ్ గుండ్లు పడే గాజు మెషీను. క్రో అనే దాని ముక్కు బౌలింగ్ ఆటలో పడగొట్టే పిన్ను, కళ్ళు పింగ్‌పాంగ్ బంతులు. జోయెల్ హాడ్జ్‌సన్ అనే కమెడియన్ 1988లో మినియాపోలిస్ లోకల్ ఛానల్ 23లో దీన్ని మొదలుపెట్టాడు. మేం చూసేనాటికి ఆయన వెళ్ళిపోయి ఐదేళ్ళయింది. కుర్చీలో మైక్ నెల్సన్ కూర్చుంటున్నాడు. ఛానళ్ళు మారి మారి సై-ఫై ఛానల్‌కి చేరింది.

ఇదంతా మాకు వెంటనే తెలియలేదు. ఆఫీసులో మెయిన్‌ఫ్రేమ్ టీములో ఒక పెద్దావిడ ఉండేది, రిటైర్మెంటుకి దగ్గర పడ్డది. ఆవిడతో అంటే కళ్ళు విప్పార్చి, "అది తీసేది ఎక్కడనుకుంటున్నారు? మీరుండే ఊళ్ళోనే!" అంది. నిజమే, వాళ్ళ స్టూడియో ఈడెన్ ప్రైరీలోనే ఉంది. ఆ ఆదివారమే నలుగురం ఒకే కారులో బయల్దేరి వెతుక్కుంటూ పోయాం. ఆఫీసులూ గోదాములూ కలిసి ఉండే ఒక పేట, పక్కన కుప్ప పోసిన మంచు, తాళం వేసిన తలుపు. అంతే. రాకెట్టేమైనా కనిపిస్తుందేమోనని బావ చాలాసేపు చూశాడు.

* * *

ఒప్పుకోవాలి, మొదట్లో మాకు సగానికి సగం అర్థమయ్యేవి కావు. ఒక ఎపిసోడ్‌లో వందల కొద్దీ చతుర్లు. ఎప్పటి సబ్బు ప్రకటనో, నిక్సన్ కాలం నాటి సంగతో, విస్కాన్సిన్ మీద జోకో. మాకేం తెలుసు? ముక్క అర్థమయ్యేలోపు ఇంకో రెండు దాటిపోయేవి. పైగా ఆ షోలో నవ్వుల ట్రాక్ ఉండదు. మిగతా అమెరికన్ కామెడీల్లో వెనకాల జనం నవ్వుతుంటారు కాబట్టి, అర్థం కాకపోయినా జోకు ఎక్కడుందో తెలిసేది. ఇందులో ఆ దారి చూపే రాయి కూడా లేదు. అన్నవాడు అనేసి ఊరుకుంటాడు.

అందుకని టేపులే మాకు బడి అయ్యాయి. పెద్దావిడ దగ్గర, షో అంతకుముందు కామెడీ సెంట్రల్ ఛానల్లో వచ్చిన రోజుల నుంచీ రికార్డు చేసిన క్యాసెట్లుండేవి. పాత ఎపిసోడ్ల చివర పేర్లు పడేటప్పుడు "టేపులు చేతులు మారుస్తూ ఉండండి" అని షో వాళ్ళే వేసేవారు. ఆవిడ దాన్ని ధర్మంలా పాటించేది. వారానికి రెండు క్యాసెట్లు ఇచ్చేది, వాపసు అడిగేది కాదు, ఇంకొకరికి ఇమ్మనేది. స్లో స్పీడులో రికార్డు చేస్తే ఒక క్యాసెట్టుకి ఆరు గంటలు, అంటే మూడు ఎపిసోడ్లు. బొమ్మ పాలిపోయి, మాట కొంచెం ముక్కుతో పలికినట్టుండేది.

రిమోట్ నా చేతిలో ఉండేది. ఆపు, వెనక్కి, మళ్ళీ. ఒక్కో వాక్యం నాలుగుసార్లు. తెలియని పేరొస్తే కాగితం మీద రాసుకుని సోమవారం ఆవిణ్ని అడిగేవాణ్ని. ఆవిడ చెప్పేది, ఆవిడే ముందు నవ్వేది. నేను నవ్వేసరికి జోకు పుట్టి మూడు రోజులయ్యేది.

బావ పద్ధతి వేరు. రాసుకోవడం, అడగడం ఏమీ లేదు. వింటూ ఉండేవాడు. ఎప్పుడో ఒకటి తగిలేది. తగిలాక ముందు చిన్న ఎక్కిలి లాంటిదొకటి వచ్చేది, తర్వాత నవ్వు. ఎప్పుడూ రెండు సెకన్లు ఆలస్యం. తెర మీద వాళ్ళు తర్వాతి మాట అంటుండగా ఈయన ముందుదానికి నవ్వుతుండేవాడు. "నీ నవ్వు సీ మెయిల్‌లో ఓడెక్కి వస్తుంది బావా" అని ఏడిపించేవాణ్ని.

అర్థం కానప్పుడు బావ ఊరుకునేవాడా? తనే తెలుగులో మొదలెట్టేవాడు. రబ్బరు రాక్షసుడు నీళ్ళలోంచి లేస్తే "బకాయి వసూలుకొచ్చాడ్రోయ్" అనేవాడు. శాస్త్రవేత్త గడ్డం పట్టుకుని ఆలోచిస్తుంటే "స్టవ్ ఆపానా లేదా?" అనేవాడు. చెప్పొద్దూ, కొన్నిసార్లు లోపలున్న ముగ్గురి కంటే ఈయనే బావుండేవాడు. ఇది ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలుసు. మా ఊళ్ళోనూ నేల క్లాసులో ఒకడుండేవాడు. హీరోయిన్ ఏడుస్తూ పరిగెత్తితే "చెప్పులేసుకెళ్ళమ్మా" అనేవాడు. హాలంతా గొల్లుమనేది. ఆ పల్లెటూరి నేల క్లాసు వాడికి స్క్రిప్టు ఉండేది కాదు, అదొక్కటే తేడా.

స్క్రిప్టు సంగతి కూడా పెద్దావిడే చెప్పింది. మొదటి ఏడాది లోకల్ ఛానల్లో ఉన్నప్పుడు చాలా వరకు అప్పటికప్పుడు తోచిందే అనేవారట. చాలాసేపు ఏమీ తోచక ఊరికే కూర్చున్న సందర్భాలూ ఉంటాయి ఆ ఎపిసోడ్లలో. తర్వాత పద్ధతి మారింది. గదినిండా రచయితలు, సినిమాని ముక్కలు ముక్కలుగా ఆపుతూ చూడటం, తోచిందల్లా చెప్పడం, అందులోంచి ఏరి, ఏ సెకనులో ఏది పడాలో రాసుకోవడం. మైక్ నెల్సన్ కుర్చీలోకి రాకముందు ఆ రచయితల గదికి పెద్ద. మాకు అలవోకగా వినిపించిన మాటల వెనక అంత లెక్క ఉందంటే నేను తెగ మురిసిపోయాను. కోబోల్ వాణ్ని కదా.

బావ మాత్రం మొహం చిట్లించాడు. "రాసుకుని చదివితే అది వెక్కిరింత ఎట్లా అవుద్ది?"

ఆ రోజు మొదలైంది మా గొడవ, స్టూడియోలో రాసుకుని చేసింది మంచిదా, జనం ఎదురుగా లైవ్‌లో చేసింది మంచిదా అని. పెద్దావిడ బావ పక్షం చేరింది. 1994లో మినియాపోలిస్‌లో ఆ షో అభిమానుల సమ్మేళనం జరిగిందట. అప్పుడు, హెన్నెపిన్ అవెన్యూలోని స్టేట్ థియేటర్‌లో వాళ్ళు ఒక సినిమాకి స్టేజి మీద, జనం ఎదురుగా చేశారు. తర్వాత 1996లో వాళ్ళు తీసిన పెద్ద సినిమాకీ అదే సినిమా వాడారు. ఆవిడ ఆ రాత్రి అక్కడుంది. "టేపులో ఉన్నది సగమే. మిగతా సగం మనం" అంది. నాకప్పుడు ఆ మాట నచ్చలేదు. నాకు టేపు కావాలి, రిమోట్ కావాలి. రెండు వేల మంది నవ్వుతుంటే వెనక్కి తిప్పేదెట్లా?

1999 ఆగస్టులో షో అయిపోయింది. ఆ సోమవారం పెద్దావిడ ఆఫీసుకి నల్ల బట్టల్లో వచ్చింది.

* * *

వై2కె ఏమీ కూలకుండా దాటిపోయింది. తర్వాత కొన్నాళ్ళు ఉద్యోగాల గొడవ, ఆ కథ ఇక్కడెందుకు. బావ పెళ్ళి చేసుకున్నాడు, ఇల్లు కొన్నాడు, ఆ ఇంటికి ఈ బేస్‌మెంట్ ఉంది. శనివారం సాయంత్రాలు మళ్ళీ కుదురుకున్నాయి. చెల్లెమ్మకి ఈ పిచ్చి అంటలేదు. మొదటిసారి వచ్చి పది నిమిషాలు కూర్చుని, "బాగోలేదని తెలిసి చూడటం దేనికి?" అని పైకి వెళ్ళిపోయింది. మళ్ళీ దిగలేదు. మా తల మీదే వంటగది. ఆవిడకి సినిమా వినిపించేది కాదు, జోకులు వినిపించేవి కావు. నేల చెక్కల్లోంచి మా నవ్వులే వినిపించేవి. టీ తెచ్చి మెట్ల మీద పెట్టి, "ఇవాళ్టిది అంత బాలేదా, తక్కువ నవ్వారు" అనేది.

2006లో మైక్ నెల్సన్ రిఫ్‌ట్రాక్స్ అని కొత్తది మొదలుపెట్టాడు. కాసేపటికే పాత షోలో బొమ్మలకి గొంతు ఇచ్చిన కెవిన్ మర్ఫీ, బిల్ కార్బెట్ కూడా కలిశారు. ఇందులో కిటుకు ఏమిటంటే మొదట్లో వాళ్ళు సినిమా అమ్మేవారు కాదు. సినిమాకి హక్కులు కావాలి, హక్కులకి డబ్బు కావాలి. పాత షోకి ఎప్పుడూ ఇదే తలనొప్పి. హక్కుల దగ్గర తేడా వచ్చి ఒక గాడ్జిల్లా సినిమా ఉన్న డీవీడీ సెట్టుని బజారులోంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అందుకని వీళ్ళు గొంతులు మాత్రమే ఎంపీత్రీగా అమ్మారు. సినిమా డీవీడీ నువ్వు తెచ్చుకో, రెండూ ఒకేసారి మొదలుపెట్టుకో.

ఇది చెప్పినంత తేలిక కాదు. మొదట్లో గొంతు వచ్చి ఫలానా లోగో దగ్గర ఆపు, నేను అనగానే నొక్కు అంటుంది. బావ డీవీడీ దగ్గర, నేను ల్యాప్‌టాప్ దగ్గర, "ఒకటీ, రెండూ, ఆఁ!" మధ్యమధ్యలో ఒక రోబో గొంతు సినిమాలోని డైలాగొకటి చెబుతుంది. తెర మీద నటుడితో కలిసి పలికితే సరిగ్గా ఉన్నట్టు. లేదంటే ఒకటి ఆపి ఇంకోదాన్ని అందుకోవాలి.

ఒకసారి బావ ఇండియా నుంచి వస్తూ లండన్‌లో ఒక డీవీడీ కొన్నాడు. తెలుగు సినిమాలు చూడటానికి కొన్న ప్లేయరు మా దగ్గరుంది, ఏ దేశపు డిస్కయినా ఆడుతుంది. మొదలుపెట్టాం. పది నిమిషాలకి గొంతులు వెనకబడ్డాయి. సరిచేశాం. మళ్ళీ వెనకబడ్డాయి. బావ ప్లేయర్ని కొట్టాడు, నేను ల్యాప్‌టాప్‌ని తిట్టాను. గంట తర్వాత తెలిసింది, యూరప్ డిస్కులో సినిమా సెకనుకి 24 బొమ్మలకి బదులు 25 నడుస్తుందని. అంటే 4 శాతం వేగం. రెండు గంటల సినిమా దాదాపు ఐదు నిమిషాల ముందే అయిపోతుంది.

ఆపుదామంటే బావ ఒప్పుకోలేదు. విలన్ చచ్చిపోయి, పేర్లు పడి, తెర నల్లబడ్డాక కూడా ముగ్గురు మనుషులు అక్కడ లేని సినిమాని వెక్కిరిస్తూనే ఉన్నారు. చీకట్లో కూర్చుని చివరిదాకా విన్నాం. అంత నవ్వు నాకెప్పుడూ రాలేదు. "వీళ్ళకి సినిమాతో పనిలేదు బావా" అన్నాడు.

స్టూడియో రికార్డింగు సొగసంతా అదేనని నాకు ఆ రాత్రే అనిపించింది. గొంతు శుభ్రంగా, చెవి పక్కనే ఉన్నట్టుంటుంది. సందు దొరికిన ప్రతిచోటా మాట. నీకోసం ఆగరు, నువ్వు నవ్వుతావన్న నమ్మకం కూడా పెట్టుకోరు. తర్వాత నేను ఒంటరిగా ఊళ్ళు తిరిగిన రోజుల్లో, హోటల్ గదుల్లో, ఎన్ని రాత్రులు ఆ ఎంపీత్రీలు సినిమా లేకుండానే విన్నానో.

* * *

అదే కాలంలో జోయెల్ హాడ్జ్‌సన్ మరో నలుగురు పాత వాళ్ళని కూడగట్టి సినిమాటిక్ టైటానిక్ అని ఇంకోటి పెట్టాడు. స్టూడియో, లైవ్ గొడవకి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. ఎందుకంటే మొదటి డిస్కులన్నీ స్టూడియోలో చేసి, 2009 నుంచి స్టేజి మీద చేసినవే అమ్మడం మొదలెట్టారు. అదే మనుషులు, అదే రకం సినిమాలు.

స్టూడియో డిస్కుల్లో తెరకి రెండు పక్కలా ఐదుగురి నీడలు. కావాలంటే సినిమాని ఆపేసి చిన్న నాటకం వేసి మళ్ళీ నడిపించేవారు. తెలివైన ఏర్పాటే. కానీ ఎందుకో ఖాళీ ఇంట్లో మాట్లాడినట్టుండేది. ఐదుగురు ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా అంటున్నట్టు. లైవ్ డిస్కు పెట్టగానే ఆ ఐదుగురే వేరే మనుషులయ్యారు. ఒకడు మాట తడబడితే పక్కవాడు దాన్ని పట్టుకునేవాడు. తడబాటే జోకయ్యేది. స్టూడియోలో అయితే అది కోసిపారేస్తారు.

"చూశావా!" అని బావ తొడ చరిచాడు.

చూశాను. కానీ పోయినవి కూడా చూశాను. జనం నవ్వు కింద పడి మాటలు నలిగిపోయేవి. నాటకంలో నటుడు నవ్వు తగ్గేదాకా ఆగుతాడు, తర్వాత డైలాగు చెబుతాడు. ఇక్కడ సినిమా ఆగదు. తెర మీద వాడు తలుపు తీసే క్షణానికి రాసుకున్న మాట, హాలు నవ్వుతోందని మూడు సెకన్లు ఆగితే, వాడు తలుపు వేసేసి ఉంటాడు. కాబట్టి లైవ్‌లో జోకులు పలచన చేస్తారు, పెద్ద నవ్వు వస్తుందనుకున్న చోట తర్వాత ఖాళీ వదులుతారు. ఇంట్లో వినేవాడికి ఆ ఖాళీ తెలిసిపోతుంది. నాకిష్టమైనవి గొణిగి వదిలేసే చిన్న చతుర్లు. రెండు వేల మందిలో ఇద్దరికే తగిలేవి. లైవ్‌లో ముందు బలయ్యేవి అవే.

* * *

2009 ఆగస్టులో రిఫ్‌ట్రాక్స్ వాళ్ళు నాష్‌విల్‌లోని బెల్‌కోర్ట్ థియేటర్‌లో స్టేజి ఎక్కి, అక్కణ్నుంచి దేశమంతా కొన్ని వందల హాళ్ళకి శాటిలైట్‌లో పంపారు. సినిమా "ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్". ఎగిరే పళ్ళేలకి కట్టిన తీగలు కనిపించే సినిమా. నటుడు బేలా లుగోసీ షూటింగు మొదలవకముందే చచ్చిపోతే, దర్శకుడు ఎడ్ వుడ్ తన భార్యకి వెన్నెముక వైద్యం చేసే ఆయన్ని తెచ్చి, మొహానికి గుడ్డ అడ్డం పెట్టించి పని కానిచ్చేశాడు. దానికి నెల్సన్ ఒక్కడే స్టూడియోలో చెప్పిన కామెంటరీ డిస్కు అప్పటికే నా దగ్గరుంది. పోల్చి చూద్దామని ఇద్దరం దగ్గర్లోని మల్టీప్లెక్స్‌కి వెళ్ళాం. పెద్దావిడా వచ్చింది, రిటైరై చాలా కాలమైంది, చేతికర్ర వచ్చింది.

అక్కడో వింత. నాష్‌విల్ జనం నవ్వు తెరలోంచి వస్తోంది, మా హాలు నవ్వు పక్కనుంచి వస్తోంది. రెండూ ఒకచోట పుట్టవు. వాళ్ళు నవ్విన వాటికి మేం ఊరుకోవడం, వాళ్ళు ఊరుకున్నచోట మా వెనక వరసవాడు పగలబడటం. నాకు ఇష్టమైన దారి చూపే రాళ్ళు ఇప్పుడు రెండు దారులు చూపిస్తున్నాయి. ఒకచోట ముగ్గురూ ఏదో అన్నారు, ఏ హాలూ నవ్వలేదు. నేనొక్కణ్నే నవ్వాను. అది ఎప్పుడో పెద్దావిణ్ని అడిగి కాగితం మీద రాసుకున్న పాత ప్రకటన తాలూకు మాట. ఆవిడ తిరిగి నన్ను చూసి కర్రతో నా బూటు మీద చిన్నగా కొట్టింది. ఏ డిగ్రీ పట్టా తీసుకున్నప్పుడూ నాకంత గర్వం కలగలేదు.

బావ ఎప్పట్లాగే రెండు సెకన్ల తర్వాత దేనికో నవ్వాడు.

* * *

నేను డాలస్ వెళ్ళిపోయాను. 2012లో "మానోస్" అనే సినిమాకి వాళ్ళు లైవ్ చేస్తే అక్కడ హాల్లో ఒక్కణ్నే చూశాను. ఎల్ పాసోలో ఒక ఎరువుల వ్యాపారి తీసిన సినిమా, టెక్సస్ గడ్డ మీద పుట్టిందే. అదే సినిమాకి పాత షో వాళ్ళు 1993లో చేసిన ఎపిసోడ్ మా టేపుల్లో అరిగిపోయినది. పాతదాంట్లో ముగ్గురూ నిజంగా ఆ సినిమాలో చిక్కుకున్నట్టే దిగులుగా ఉంటారు. ఆ దిగులే నవ్వు. లైవ్‌లో దిగులుండే వీల్లేదు, ఎదురుగా అంతమంది సంబరంగా ఉంటే. నాకు పాతదే ఇష్టం. ఫోన్ చేసి బావతో అంటే, "ఒక్కడివే చూస్తే అట్లాగే ఉంటది" అన్నాడు.

2016 జూన్‌లో పాత షో వాళ్ళు చాలామంది మినియాపోలిస్‌లో ఒకే స్టేజి ఎక్కుతున్నారంటే టికెట్ కొనేశాను. అదే స్టేట్ థియేటర్. పెద్దావిడ అప్పటికి లేదు. హాల్లోకి అడుగుపెట్టగానే పైకప్పు మీది నగిషీలు చూస్తూ బావ, "1994లో ఆవిడ ఎక్కడ కూర్చుని ఉంటదో" అన్నాడు. ఇద్దరం కాసేపు కుర్చీలకేసి చూశాం.

ఆ రోజు పెద్ద సినిమా లేదు, అన్నీ పాత చిన్న చిత్రాలు. ఇద్దరిద్దరుగా, ముగ్గురుగా వచ్చి కాగితాలు ముందు పెట్టుకుని చేశారు. చివర్లో అందరూ కలిసి వరసగా నిలబడ్డారు. పిల్లల చేత సేవింగ్స్ స్టాంపులు కొనిపించడానికి అమెరికా ప్రభుత్వం సూపర్‌మ్యాన్‌ని పెట్టి తీయించిన సినిమా అది. ఎవరు ఏది అన్నారో సగం వినపడలేదు. నవ్వు కుర్చీ చేతుల్లోంచి కూడా తెలిసింది. వెనక్కి తిప్పాలని మాత్రం ఒక్కసారి కూడా అనిపించలేదు.

తర్వాత ఆ షో రికార్డింగు అమ్మారు. కొన్నాను. డాలస్‌లో ఒక రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటున్నా. సూపర్‌మ్యాన్ దాంట్లో ఒకచోట హాలంతా నవ్వి, తగ్గి, తర్వాతి మాట మొదలవబోయే సందులో, ఒకే ఒక్క నవ్వు. ముందు ఎక్కిలి లాంటిది, తర్వాత నవ్వు. సరిగ్గా రెండు సెకన్లు ఆలస్యం.

బావ!

అప్పట్నుంచి ఆ ముక్క ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆఫీసులో చికాగ్గా ఉన్నప్పుడు, కారులో, లాక్‌డౌన్‌లో ఇంట్లో. స్టూడియోదే మంచిదని పద్దెనిమిదేళ్ళు వాదించినవాణ్ని, ఆ ఒక్క నవ్వు కోసం లైవ్ పక్షానికి వెళ్ళిపోయాను. బావకి చెప్పలేదు. ఎదురుగా వినిపించాలని దాచుకున్నాను.

* * *

మొన్న పార్టీ అయ్యాక, చుట్టాలందరూ వెళ్ళాక, బేస్‌మెంట్లో ఆ క్యాసెట్ల పెట్టె ముందు కూర్చున్నాం. ప్లేయరు ఎప్పుడో పోయింది. ఫోన్ని స్పీకరుకి కలిపాను. "ఒకటి వినిపిస్తా, మాట్లాడకు" అని ఆ ముక్క పెట్టాను.

బావ తల వంచి విన్నాడు. "ఎవరిది?"

"ఎవరిదేమిటి! నీదే."

"నేను లేను కదా అప్పుడు."

"లేకపోవడమేంటి, నా పక్కనే కూర్చున్నావ్."

"సూపర్‌మ్యాన్ మొదలవగానే బాత్రూమ్‌కి పోయాను బావా. అంత పెద్ద కోక్ తాగించావ్. నా కాలు తొక్కావని తిట్టావ్ కూడా, గుర్తు లేదా? తిరిగొచ్చేసరికి అందరూ నిలబడి చప్పట్లు కొడుతున్నారు."

గుర్తొచ్చింది. కాలు తొక్కడం గుర్తొచ్చింది. ఏడేళ్ళకి పైగా ఏ గుంపులోని ఎవడి నవ్వునో నెత్తిన పెట్టుకు తిరిగానన్నమాట. మళ్ళీ పెట్టాను, పట్టుదలగా. ఆ ఎక్కిలి, ఆ ఆలస్యం, ఇంకెవరికుంటాయి?

చెల్లెమ్మ టీ కప్పులు పట్టుకుని మెట్లు దిగుతోంది. ఆ మొదటిసారి తర్వాత, మేం ఏదో వింటుండగా ఆవిడ కిందికి రావడం ఇన్నేళ్ళలో అదే అనుకుంటా. నాలుగో మెట్టు మీద ఆగింది.

"అన్నయ్యా, అది మీ నవ్వు కదా" అంది.

"నాదా?"

"ఆయనది ఎక్కిలితో మొదలవుద్ది, నిజమే. కానీ చివర్లో దగ్గుతారు. దగ్గు లేకుండా ఆగిపోయేది మీరు. ఎన్నేళ్ళు విన్నాను పైనుంచి! మీరిద్దరూ ఒకేలా నవ్వుతారు, ఆలస్యంగా. ముందు వీళ్ళకి అర్థమవుతాయో లేదో అనుకునేదాన్ని."

బావ కప్పు కింద పెట్టి నా ఫోన్ లాక్కున్నాడు. ఆ ముక్క వెనక్కి తిప్పి, సౌండ్ పెంచి, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ. మూడోసారికి ఆయన నవ్వడం మొదలెట్టాడు, చివర దగ్గాడు కూడా. నేను స్పీకరు కేసి చూస్తూ కూర్చున్నాను.